తాడు పొరుగువాడికి

మొదటి నమోదు: దిగిన రోజు

ఈ నమోదులు ఆదివారం ఆరాధనలో చదివి వినిపించడానికి రాస్తున్నాను. ముందు బల్లల మీది పెద్దలు వినండి. వెనక గోడకు చేరగిలబడి కునికేవాళ్ళు మరింత శ్రద్ధగా వినండి. నేలకు దూరంగా ఆకాశంలో తిరిగే ఈ చక్రంలో పుట్టి చక్రంలోనే కన్నుమూసే వాళ్ళం మనం. ఇదివరకు నేలకు దిగి వచ్చినవాళ్ళను ఏం చూశారని అడిగితే, గాలి బాగుంది, నీళ్ళు బాగున్నాయి అని ఊరుకున్నారు. కొండ మీద దేవుడితో మాట్లాడి దిగి వచ్చినవాడి ముఖం వెలిగిపోయిందని మనం చదువుకోలేదా? వీళ్ళ ముఖాలేమో ఎప్పట్లాగే ఉన్నాయి. నేను అలా ఊరుకోను. నేను దయామణిని. పైపుల కీళ్ళకు సీళ్ళు బిగించేదాన్ని. ఏ బడిలోనూ వేదాంతం చదవలేదు, పైపుల కింద వెల్లకిలా పడుకుని టార్చిలైటు వెలుగులో వాక్యం నేర్చుకున్నాను. చూసింది చూసినట్టు గట్టిగా చెబుతాను.

మన సంఘం బడిలో ఆరో తరగతి పిల్లల ఆరుబయలు శిబిరానికి పెద్దదిక్కుగా ఆనందరావు మాస్టారు, ఆయనకు తోడుగా నేను. దిగుడు ఓడ తలుపు తెరుచుకోగానే మొదట దూకింది ఒబేదు. తరగతిలో అందరికంటే నోరు పెద్దది వాడికే. రెండడుగులు వేశాడు, తల పైకెత్తాడు, బోర్లా పడి గడ్డిని రెండు పిడికిళ్ళతో పట్టుకున్నాడు.

ఏమైందిరా అని అడిగాను.

"పడిపోతా పెద్దమ్మా."

"ఎక్కడికి రా?"

"పైకి."

నవ్వుదామని నేనూ తలెత్తాను. సోదరులారా, పైన ఏమీ లేదు. మన చక్రంలో తలెత్తితే ఎదురువీధి కనబడుతుంది, దాని కప్పులు, ఆ కప్పుల నడుమ నడిచేవాళ్ళ నడినెత్తులు కనబడతాయి. ఇక్కడ నీలం. దాని వెనక మళ్ళీ నీలం. నేల కూడా మనకు లాగా రెండు వైపులా ఎత్తుకుని పైకి రాదు; సాగినంత దూరం సాగి చటుక్కున ఆగిపోతుంది, అంచు తెగిన గుడ్డలాగా. నా మోకాళ్ళు వాటంతటవే వంగాయి. ప్రార్థనకు వంగాయని పిల్లలు అనుకున్నారు. నేనూ అలాగే అనుకోనిచ్చాను.

కాసేపటికి పిల్లలందరూ నేలకు కరుచుకుని ఉన్నారు. శిబిరం నడిపే గవరయ్య వచ్చి మమ్మల్ని చూశాడు. ఆయన నేల మీదే పుట్టి పెరిగినవాడు, ఏటి పని చేస్తూ నల్లబడ్డ మనిషి. ఆయన పెద్దలది ఉత్తరపు పలుకు. నన్ను అప్పా అని పిలుస్తాడు, అంటే అక్కా అని.

"ఏటప్పా, పిల్లల్ని తెచ్చేవా, బల్లుల్ని తెచ్చేవా? అందరూ అతుక్కుపోనారు" అన్నాడు.

ఆ మాటకు పిల్లలకు నవ్వొచ్చింది. నవ్వితే పిడికిళ్ళు సడలాయి. ఒకడు లేచి నిలబడ్డాడు, పైకి పడిపోలేదు. ఇంకొకడు లేచాడు. ఇక చూడండి, పరుగు. ఎంత పరిగెత్తినా బయలుదేరిన చోటికి తిరిగి రాని పరుగు మన పిల్లలు ఎప్పుడు చూశారు కనుక. గాలి కొడుతుంటే, ఈ ఫ్యాను స్విచ్చి ఎక్కడుందని ఒకరినొకరు అడుగుతూ పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను. నా వయసు మీకు తెలుసు.

ఆనందరావు మాస్టారు మాత్రం ఆకాశాన్ని ఒక్కసారి చూసి గుడారంలోకి పాకి, తడి తువ్వాలు కళ్ళ మీద వేసుకుని పడుకున్నారు. అందువల్ల పిల్లల భారమంతా నా మీద పడింది.

పరిగెత్తనిది ఒక్కతే, తిర్సా. అది గవరయ్య చొక్కా పట్టుకుని ఏరు ఎటు పోతుందని అడుగుతోంది. ఎందుకడుగుతోందో మీకు తెలుసు. వాళ్ళమ్మ ఎస్తేరు మన సంఘం బిడ్డే. ఏటి దిగువన నీటి స్టేషన్‌లో పంపులు చూస్తోంది. తిర్సాకు పాలపళ్ళు ఊడకముందు ఒప్పందం మీద దిగింది, ఒప్పందం ఇంకా తీరలేదు. చక్రంలో ఉన్నన్నాళ్ళూ వారానికోసారి తెర మీద ముఖం కనబడేది, అంతే. స్టేషన్‌కు దారి లేదు. మధ్యలో బురద నేలలు. ఒంటరి డ్యూటీ గనుక ఆమె పంపులు వదిలి రాలేదు. వెళ్ళగలిగేది ఏటి మీదనే. శిబిరం చివరి రోజున పిల్లలను తెప్ప ఎక్కించి ఆ స్టేషన్‌దాకా తీసుకెళతారు, అక్కడి నుంచి ఓడ ఎక్కిస్తారు. ఆ తెప్ప కోసమే తిర్సా ఈ శిబిరానికి వచ్చింది.

రెండో నమోదు: తీగ, తాడు

పొద్దున కొండ కొమ్ము మీద నుంచి ఏటి అవతలి గట్టుదాకా కట్టిన తీగ చూపించాడు గవరయ్య. నడుముకు పట్టీ బిగించి దాని మీద జారిపోవాలట. పిల్లలు నా ముఖం చూశారు. నేను ముందు వెళితే గాని ఎవరూ వెళ్ళరని అర్థమైంది. భూమికీ ఆకాశానికీ మధ్య నిచ్చెన చూసిన భక్తుడు నిద్రలో చూశాడు. నేను మెలకువగా ఉండగానే నన్ను కొండ మీద నుంచి తోశారు. పాట ఎత్తుకున్నాను. పల్లవి పూర్తి కాకముందే అవతలి గట్టు వచ్చింది. నా ఎడమకాలి చెప్పు ఏటి పాలైంది. దిగీ దిగగానే మళ్ళీ ఎప్పుడు అని నేనే అడిగాను.

తరవాత పిల్లలను ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఒబేదు తలకిందులుగా జారాడు. తిర్సా కళ్ళు మూసుకోకుండా జారింది, దిగువ వైపే చూస్తూ. మధ్యాహ్నం కొండరాళ్ళు ఎక్కారు, గుడారాలు పీకి మళ్ళీ వేశారు, అన్నం తామే వండి అడుగు మాడ్చుకుని లొట్టలేసుకుంటూ తిన్నారు. ఇంత సంతోషం పాపమేమోనని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. దేవుని మందసం ముందు ఒంటి మీద గుడ్డ చూసుకోకుండా గంతులేసిన రాజు గుర్తొచ్చాడు. అనుమానం పోయింది.

ఇక సాయంత్రం తాడు సంగతి. నీళ్ళలో పడ్డవాడికి విసిరే తాడది, చివర బరువు మూట ఉంటుంది. ఏటి పాయకు అవతల ఒక గుంజ పాతి ఉంది. ఇవతలి నుంచి విసిరితే తాడు ఆ గుంజ మీద పడాలి.

"తెప్ప మీద ఎవుడి పేనం ఆడు సూసుకోడప్పా. పక్కోడి పేనం సూసుకోవాల. తాడు ఇసరడం రానోడిని నా తెప్ప ఎక్కించను. ఒక్కడికి రాకపోయినా తెప్ప కదల్దు" అన్నాడు గవరయ్య.

ఇదేమంత పని అనుకున్నాను. మన పిల్లల చెయ్యి చక్రమంతటా పేరుపడ్డది కదా. ప్రార్థన మందిరం వెనక మైదానంలో, సిలువ గోడకు ఎదురుగా నిలబడి, నడక వచ్చిన నాటి నుంచి బంతి విసురుతారు. సిలువకు వీపు పెట్టి విసరడం మన ఆచారంలో లేదు గనుక అందరిదీ ఒకే దిక్కు, ఒకే గురి. అందులోనూ తిర్సా. పోయిన పండుగ పోటీల్లో దాని బంతి ఒక్కటీ తప్పలేదు.

తిర్సా విసిరింది. తాడు గుంజకు ఎడమ పక్కన, ఒక మనిషి వెడల్పు దూరంలో, ఒక బూడిదరంగు రాయి మీద పడింది. మళ్ళీ విసిరింది. అదే రాయి. ఒబేదు విసిరాడు. అదే రాయి. పిల్లలందరూ విసిరారు. ఆ రాయి తడిసి ముద్దయింది గాని గుంజకు చుక్క తగల్లేదు.

గవరయ్య తల గోక్కుని, గురి తప్పేవాళ్ళను చాలామందిని చూశాను గాని ఇంతమందీ కూడబలుక్కున్నట్టు ఒక్కచోటికే తప్పడం ఇదే చూడ్డం అన్నాడు.

నాకు ఆవేశం వచ్చింది. పిల్లలను కూర్చోబెట్టి చెప్పాను: మన చెయ్యి తిన్ననిది, చిన్ననాటి నుంచీ సిలువ ఎదుట నేర్చిన చెయ్యి. వంకర ఉంటే ఈ నేలలో ఉంది. లోకం వంకరగా ఉందని చేతిని వంచుకుంటామా? వంచొద్దు. పిల్లలు ఆమేన్ అన్నారు. లేచి నిండు మనసుతో విసిరారు. తాళ్ళన్నీ రాయి మీదికే వెళ్ళాయి.

"ఆ రాయి మునిగిపోతంటే మాత్రం బతికించేస్తాం పెద్దమ్మా" అన్నాడు ఒబేదు.

మూడో నమోదు: బలపం సిలువ

ఈ రోజు నేను చేసిన పని దాచను. పిల్లలకు ధైర్యం కలగాలని పాయ దాటి వెళ్ళి, గుంజ వెనక బండ మీద బలపంతో పెద్ద సిలువ గీశాను. ఇంటి దగ్గర విసిరినట్టే విసరండి అన్నాను. వాళ్ళ ముఖాలు వెలిగాయి. ఇంటి దగ్గర విసిరినట్టే విసిరారు. నిన్న మనిషి వెడల్పు తప్పినవి ఈ రోజు తెప్ప వెడల్పు తప్పాయి.

ఆపుకోలేక నవ్వింది పిల్లలు కాదు, గవరయ్య. నవ్వి, ఏమీ అనకుండా ఒక గులకరాయి తీసి నిటారుగా పైకి ఎగరేశాడు. చెయ్యి కదపలేదు. రాయి తిరిగి వచ్చి అదే అరచేతిలో పడింది.

పిల్లలు ఆయన చుట్టూ మూగారు. మళ్ళీ చెయ్యమన్నారు. మళ్ళీ అరచేతిలోనే పడింది. ఒబేదు దగ్గరికి వెళ్ళి ఆయన చొక్కా చేతిలో అయస్కాంతం ఏమైనా ఉందేమోనని వెతికాడు. మన దగ్గర సిలువకు ఎదురుగా నిలబడి పైకి ఎగరేసిన వస్తువు కుడికి జరిగి పడుతుంది. పక్కకు చెయ్యి చాపి పట్టుకుంటాం. అది మనకెంత మామూలంటే, చెయ్యి చాపుతున్నామని కూడా తెలియదు. చక్రం తిరుగుతుంది గనుక వస్తువు పక్కకు జరుగుతుంది, నేల అలా తిప్పదు. మనం తిన్నగా విసురుతున్నామని అనుకుంటున్నది నిజానికి ఎడమకు విసరడం, సిలువ కనబడితే మరింత ఎడమకు. జరిగి జరిగి అది గురికి చేరేది. ఇక్కడ జరిపేవాడు లేడు.

మాట వెనక్కి తీసుకోవడం నాకు అలవాటు లేదు. తీసుకున్నాను. నేలలో వంకర లేదు, మీ చేతిలోనూ లేదు, రెండూ తమ తమ చోట తిన్ననివే అన్నాను.

అయితే కుడికి గురిపెట్టండి అన్నాడు గవరయ్య. చెప్పినంత తేలికా అది? ఆలోచించి విసిరితే తాడు పాయ సగం కూడా దాటలేదు. కుడికి అనుకుంటే మరీ కుడికి పోయి పొదలో చిక్కుకుంది. ఆలోచన మాని విసిరితే మళ్ళీ ఎడమ రాయి. అందరికంటే కష్టం తిర్సాకు. అందరికంటే బాగా నేర్చిన చెయ్యి అదే కదా, అందరికంటే మొండిగా పాతదారి పట్టింది. మిగతావాళ్ళు అన్నానికి వెళ్ళినా అది విసురుతూనే ఉంది. అరచేతులు ఎర్రగా కమిలాయి.

నేను పక్కన కూర్చున్నాను. తిర్సా తాడు చుట్టుకుంటూ అంది:

"అమ్మ నిన్న శిబిరం తెరలో అడిగింది పెద్దమ్మా. నీకు ఏం వండమంటావని. ఏం చెప్పాలి?"

నా చేతిగుడ్డ ఏటిలో తడిపి దాని అరచేతికి చుట్టాను. 

సాయంత్రం ఓడ నడిపే ఆమె రేడియోలో అడిగింది, ఎల్లుండి పిల్లలను స్టేషన్ నుంచి ఎత్తుకోవాలా, శిబిరం నుంచా అని. రేపు మధ్యాహ్నం లోపు చెప్పమంది. తరవాత మార్చడం కుదరదంది.

నాలుగో నమోదు: పొరుగువాడు

ఉదయ ప్రార్థనకు పిల్లలు దిగాలుగా కూర్చున్నారు. దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాడి కథ ఎత్తుకున్నాను. గౌరవనీయులు పక్కనుంచి తప్పుకుని పోయారు, పరాయి ఊరివాడు ఆగి ఎత్తుకున్నాడు. ఎవరు వాడికి పొరుగువాడు అని గొంతెత్తి అడిగాను. చెయ్యి చాపి పిల్లలను వరసగా చూపిస్తున్నాను: నీకు వాడు పొరుగు, వాడికి ఈమె పొరుగు.

చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ప్రసంగం అక్కడే ఆగింది. పిల్లలు నాకు ఒంట్లో బాగాలేదనుకుని నీళ్ళు తెచ్చారు.

నీళ్ళు తాగలేదు. ఒబేదు చెయ్యి పట్టుకుని పాయ దాటించి, గుంజకు కుడి పక్కన, ఒక మనిషి వెడల్పు దూరంలో నిలబెట్టాను. ఇవతలికి వచ్చి తిర్సాకు తాడు ఇచ్చాను.

"గుంజ సంగతి వదిలెయ్యి. దాన్ని చూడనే చూడొద్దు. దాని పొరుగున నిలబడ్డ ఒబేదుకు విసురు."

"వాడికైతే ముఖమ్మీద పడేటట్టు విసురుతా" అంది తిర్సా. నిన్నటి నుంచి వాడు వెక్కిరించిన కోపం.

చూపు వాడి ముక్కు మీద పెట్టి, ఆలోచన లేకుండా, మొన్న గుంజకు విసిరినట్టే విసిరింది. తాడు గాలిలో సాగి, ఒబేదును వదిలి, గుంజ మీద మెత్తగా వాలింది.

నేను హల్లెలూయా అన్న కేకకు ఆనందరావు మాస్టారు గుడారంలోంచి తువ్వాలుతో సహా బయటికి వచ్చి, ఆకాశం కనబడగానే మళ్ళీ లోపలికి పోయారు.

ఇక వరస కట్టి పొరుగువాడికి విసిరారు. ఒకరి తరవాత ఒకరు గుంజను కొట్టారు. ఒబేదు వంతు వచ్చేసరికి తిర్సా పోయి కుడి పక్కన నిలబడి నాలుక చాపింది, వాడికి గురి ఇంకా బాగా కుదిరింది. తప్పిన వాళ్ళు లేరు.

గవరయ్య నవ్వలేదు. గడ్డం రుద్దుకున్నాడు.

"తాడు పడిందంటే పడినట్టే, నానొప్పుకుంటాను. గానీ అప్పా, ఏటిలో ఒక్కడే పడితే? ఆడి పక్కన పొరుగోడు ఎవుడుంటాడు?"

"మా వాళ్ళలో ఒక్కడినీ ఒంటరిగా పడనివ్వం" అన్నాను.

అలా అన్నది ప్రసంగపు ఊపులో. కానీ ఆయన ఆ మాటను నమ్మి రేడియో తీశాడు. పిల్లలను స్టేషన్ దగ్గర ఎత్తుకోండి అని చెప్పాడు. తిర్సా అక్కడికక్కడే ఎగిరి గంతేసి, తెరలో వాళ్ళమ్మకు ఏం వండాలో చెప్పడానికి పరిగెత్తింది. చెప్పిన వంటకాలు విని గవరయ్య, ఆ స్టేషన్‌లో ఉన్నది ఒక్క పొయ్యేనని గుర్తుచేశాడు.

ఐదో నమోదు: ఏరు

ఇది స్టేషన్ మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఒళ్ళంతా తడి. కాగితం మీద నీళ్ళ మరకలుంటే క్షమించండి.

తెప్ప కదలగానే పిల్లలు పాడడం మొదలుపెట్టారు. మాస్టారిని మధ్యలో పడుకోబెట్టాం. ఏరు ముందు నెమ్మదిగా ఉంది, తరవాత వంపు తిరిగి నురగలు కక్కింది. తెప్ప ఎగిరిపడిన ప్రతిసారీ పిల్లల కడుపుల్లోంచి నవ్వు పుట్టుకొచ్చింది, నా కడుపులోంచీ. తుఫానులో పడవ అడుగున తలగడ మీద నిద్రపోయిన ప్రభువును తలుచుకున్నాను. ఇంత బాగుంటే ఆయన ఎలా నిద్రపోయాడో అనుకున్నాను.

రెండో వంపు దగ్గర ఒబేదు లేచి నిలబడి, గట్టు మీద ఎవరూ లేకపోయినా చెయ్యి ఊపాడు. తెప్ప ఊగింది. వాడు లేడు.

గవరయ్య గెడ వేసి తెప్పను ఇసక మేట మీదికి తోసి ఆపాడు. గెడ వదిలితే తెప్ప పోతుంది, ఆయన కదలలేడు. మాకు ఎదురుగా నల్లబండ. దాని చాటున నీళ్ళు గిర్రున తిరుగుతున్నాయి, అందులో ఒబేదు తిరుగుతున్నాడు. తేలుడు చొక్కా ఉంది గనుక మునగడు, కాని ఆ సుడి వాడిని బండకేసి కొడుతోంది. వాడి నోట మాట లేదు. వాడి నోట మాట లేకపోవడం చూసి నాకు అన్నిటికంటే భయం వేసింది.

తాడు తిర్సా చేతిలో ఉంది. విసిరింది. ఎడమకు పడింది. లాక్కుని మళ్ళీ విసిరింది. ఎడమకే. నా వైపు తిరిగింది.

"పక్కన ఎవురూ లేరు పెద్దమ్మా. ఎవురికి విసరాలి?"

ప్రవాహం మా ఎడమ నుంచి కుడికి పోతోంది. నిన్న గవరయ్యకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది.

"నాకు విసురు" అని దూకాను.

సోదరులారా, సహోదరీలారా. మన పెద్దలు ముంపు బాప్తిస్మాన్ని నమ్మినవాళ్ళు. నీళ్ళు కొలిచి వాడుకునే చక్రంలో ముంచడానికి నీళ్ళెక్కడివి? మనందరికీ తడిగుడ్డ కప్పి, ఒక గ్లాసు నీళ్ళు నెత్తిన పోసి, మునిగినట్టే లెక్క అన్నారు. దాని కోసం నా తల్లి ఏడవడం నేను చూశాను. ఈ రోజు నేను మునిగాను. జుట్టు కొన నుంచి గోటి దాకా, ముక్కులోకి, చెవుల్లోకి, మిగిలిన ఒక్క చెప్పులోకీ. పైకి తేలేసరికి ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియదు.

ఏరు నన్ను ఒబేదుకు కుడి పక్కగా తీసుకుపోతోంది. చెయ్యెత్తాను. తిర్సా నా కళ్ళలోకి చూసింది. విసిరింది. తాడు నా మీదికే వస్తున్నట్టు వచ్చి, నన్ను వదిలేసి, ఒబేదు భుజం మీద పడింది. వాడు రెండు చేతులా పట్టుకున్నాడు. పిల్లలందరూ కలిసి లాగారు.

తరవాత నాకు విసిరారు. నాకు పొరుగువాడు లేడు. తాడు నాకు ఎడమగా పడింది, అప్పటికే ఏరు నన్ను ఎత్తుకుపోతోంది. వాళ్ళు కేకలేస్తుంటే, వెనక రండి అని చెయ్యి ఊపాను. తేలుడు చొక్కా మంచిది. వెల్లకిలా పడుకున్నాను. మొదటి రోజు మోకాళ్ళు వంచిన ఆ ఆకాశమే నా ముందు పరుగెత్తింది. భయం వేస్తుందేమోనని చూశాను, వేయలేదు. పాట ఎత్తుకున్నాను, ఈసారి చరణాలన్నీ పాడేంత దూరం ఉంది.

చివరికి ఏదో ఇనుప చువ్వలకు తగిలి ఆగాను. చెత్త లాగే పొడుగు కొక్కెం ఒకటి నా చొక్కా పట్టుకుంది.

"తేలేది మూటనుకున్నా. పాడే మూట ఏందిది?" అని ఒక ఆడమనిషి గొంతు. గట్టు మీదికి లాగి నా ముఖం చూసి ఆగిపోయింది. "నువ్వు ప్రసంగమ్మవు గదా. నా బిడ్డేది?"

అది మీరు నాకు చాటున పెట్టుకున్న పేరని నాకు తెలుసు. కోప్పడలేదు. వెనక వస్తోందని చెప్పాను. ఎస్తేరు ఎండకు నల్లబడింది, చేతులకు గ్రీజు. ఒక్కచోట నిలబడలేదు. జుట్టు వేళ్ళతో దువ్వుకుంది, పంపు మీటర్లు చూసి వచ్చింది, పొయ్యి మీద ఏదో కలిపి వచ్చింది. తెరలో ముఖమే కదా చూసింది, మనిషిని చూసి గుర్తు పడుతుందా అని నన్ను అడిగింది. నేను జవాబు చెప్పేలోపే మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది.

వంపులోంచి తెప్ప వచ్చింది. పిల్లలందరూ నన్ను చూసి అరుస్తున్నారు, ఒబేదు అందరికంటే గట్టిగా. నోరు తిరిగి వచ్చింది వాడికి. ముందు అంచున తిర్సా, చేతిలో కట్టుతాడు. తెప్పను గట్టుకు లాగాలంటే అది మెట్ల మీద ఎస్తేరుకు అందాలి. నేను గబగబా వెళ్ళి ఎస్తేరుకు కుడి పక్కన నిలబడ్డాను.

తిర్సా మమ్మల్ని ఇద్దరినీ చూసింది. తాడు ఎత్తింది. విసిరింది. అది నేరుగా నా గుండెల మీద పడింది. దాని చూపు వాళ్ళమ్మ మీద ఉంది; ఎస్తేరుకు కుడి అంటే తిర్సాకు ఎడమ అని తొందరలో మరిచి, తాడు పడే చోటే నేను నిలబడ్డాను.

ఎస్తేరు తాడు ఎటు పడిందో చూడలేదు. తాడు గాలిలో ఉండగానే ఆమె మెట్లు దిగింది, మోకాలు లోతు, నడుము లోతు, గుండెల లోతు నీళ్ళలో నడిచి తెప్ప అంచును రెండు చేతులా పట్టుకుంది. తిర్సా వంగి ఆ చేతులను చూసింది, తరవాత ముఖాన్ని చూసింది. గ్రీజు అంటిన వేళ్ళను ఒక్కొక్కటిగా పట్టుకుంది.

"అమ్మా, తెరలో కంటే చిన్నగా ఉండావేంది?"

"నీళ్ళలో ఉండా గదే. పైకొస్తే ఇంకొంచెం ఉంటా" అంది ఎస్తేరు.

గవరయ్య ముఖం పక్కకు తిప్పుకుని గెడతో లేని బురదను పొడుస్తున్నాడు. నేను తాడు పట్టుకుని ప్రార్థన మొదలుపెట్టాను. పిల్లల్లో ఒక్కరూ కళ్ళు మూసుకోలేదు. చెప్పక తప్పదు గనుక చెబుతున్నాను, నేనూ మూసుకోలేదు.